టార్ ఫైల్ విప్పే ముందు పేర్లు చూస్కోండప్పా

మొన్న రాత్రి అనంతపురంలో మా రూమ్‌లో ఒక ప్యాకేజీ టార్ ఫైల్ (చానా ఫైళ్లని ఒకటిగా కట్టిన మూట) విప్పబోయి చూస్తే, లోపల ఒక ఫైల్ పేరే ../../ తో మొదలైతాంది, అంటే విప్పే ప్రోగ్రామ్ ఆపకపోతే మనం చెప్పిన ఫోల్డర్ దాటిపోయి ఎక్కడో కూచుంటాది అన్నమాట, 2018లో దీనికే జిప్ స్లిప్ అని పేరు పెట్టినారు. అందుకే ముందు టార్ -టీఎఫ్ (tar -tf) అనే కమాండ్ కొట్టి పేర్లు చూడండి. కోడ్ మీరే రాస్తాంటే ఫోల్డర్‌కి ఫైల్ పేరు కలిపి, అసలు పాత్ (ఫైల్ చేరే చోటు) తేల్చి, అది లోపలే ఉందా చూడాల. చానామంది బోల్తా పడేది ఈడనే, ఉత్త స్టార్ట్స్‌విత్ (మొదలు అక్షరాలు మాత్రమే పోల్చే చెక్) పెడితే /పని అనే చెక్‌ని /పని2 కూడా దాటేస్తాది, చివర్లో స్లాష్ కలిపి పోల్చండి. సిమ్‌లింక్‌లూ (వేరే చోటికి దారి చూపే షార్ట్‌కట్ ఫైళ్లు) ఆపాల. పైథాన్‌లో 3.12 నుంచి మూట మొత్తం విప్పే ఎక్స్‌ట్రాక్ట్‌ఆల్‌కి ఫిల్టర్ డేటా (filter='data') అని ఇస్తే చాలావరకు అదే చూస్కుంటాది, 3.14లో అదే డిఫాల్ట్. రూట్‌గా (అన్ని అధికారాలుండే అకౌంట్‌తో) మాత్రం ప్యాకేజీ బిల్డ్ రన్ చేయొద్దప్పా.