డేట్ లెక్క ఎక్కడ తప్పుతోంది? ముందు నుంచి కాదు, వెనక నుంచి లెక్కపెట్టండి

సత్యనారాయణపురంలో మా ఆడపడుచు వాళ్ళింట్లో ఫ్రిజ్ పక్కన తెలుగు క్యాలెండర్ ఉంటుంది, పాలవాడు రాని రోజుకి ఇంటూ, డేట్ వచ్చిన రోజుకి పెన్సిల్‌తో చిన్న చుక్క. పిల్లల కోసం చూస్తున్నారు, చుక్క నుంచి 14 రోజులు లెక్కేసుకుని ఆరు నెలలు ట్రై చేశారు, ఏం లేదు. "నాలోనే ఏదో ఉంది వదినా" అని ఒకటే ఏడుపు. చుక్కల మధ్య లెక్కపెట్టి చూస్తే 34, 35 రోజులు!

సమస్య: 14వ రోజు చూసుకున్నా ప్రెగ్నెన్సీ రావట్లేదు

కారణం: ఆ 14 వచ్చే పీరియడ్ నుంచి వెనక్కి లెక్కపెట్టాల్సింది. అండం బయటికొచ్చాక అండాశయంలో మిగిలిన ఖాళీ సంచి ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్ తయారుచేస్తుంది, ప్రెగ్నెన్సీ రాకపోతే రెండు వారాల్లో అది వాడిపోయి హార్మోన్ పడిపోతుంది, అప్పుడు గర్భసంచి లోపలి పొర ఊడొస్తుంది, అదే పీరియడ్. ఈ రెండో సగం చాలామందికి 12 నుంచి 14 రోజులే, పెద్దగా మారదు. సాగేదల్లా మొదటి సగం. అందుకే 28 రోజుల సైకిల్‌కి 14వ రోజు, 35కైతే 21 అటూఇటూగా.

పరిష్కారం: అండం బతికేది 12-24 గంటలే, వీర్యకణాలు 5 రోజుల దాకా ఉంటాయి, కాబట్టి అండం రాకముందు రోజులే ముఖ్యం. మా వాళ్ళకైతే 16 నుంచి 21. తెల్లబట్ట కోడిగుడ్డు సొనలా వేళ్ళ మధ్య సాగుతుంటే టైం దగ్గరపడినట్టే. మెడికల్ షాపులో దొరికే ఓవ్యులేషన్ స్ట్రిప్‌లో గీత ముదిరితే సుమారు 24-36 గంటల్లో అండం వస్తుంది, కానీ పీసీఓడీ (హార్మోన్ల తేడాతో అండం సరిగ్గా రాని సమస్య) ఉన్నవాళ్ళని స్ట్రిప్ మోసం చేయొచ్చు. ఇంకోటి, అండం వచ్చిందో లేదో చూడ్డానికి 21వ రోజు ప్రొజెస్టిరాన్ టెస్ట్ అని రాస్తారు కదా, అది 28 రోజుల వాళ్ళకి. 35 రోజుల సైకిల్ అయితే 28వ రోజు చేయించాలి, ఆ మాట డాక్టరుకి మీరే చెప్పండి, లేకపోతే రిపోర్ట్ చూసి ఊరికే భయపడతారు.

సమస్య: నెల మధ్యలో పొత్తికడుపులో ఒక పక్క నొప్పి

అండం వచ్చేటప్పుడు కొందరికి అంతే, ఒకట్రెండు చుక్కలు కూడా కనబడొచ్చు. నొప్పి తట్టుకోలేకపోయినా జ్వరమొచ్చినా మాత్రం డాక్టరు దగ్గరికి.

సమస్య: డేట్ పది రోజులు లేటు

ముందు ప్రెగ్నెన్సీ టెస్ట్, మిగతావన్నీ తర్వాత. నెగెటివ్ అయితే చాలాసార్లు అండమే లేటుగా వచ్చి ఉంటుంది, జ్వరం, టెన్షన్, బరువు మారడం, ఏదైనా చాలు. ఇలాగే సాగుతుంటే థైరాయిడ్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్), పీసీఓడీ చూపించుకోవాలి, 3 నెలలు రాకపోతే ఆగొద్దు. బ్లీడింగ్ అయింది కదా అండం వచ్చినట్టే అనుకోకండి, రాకుండానూ అవ్వొచ్చు.

సమస్య: దసరాకి టాబ్లెట్ వేసుకున్నాక లెక్కంతా గందరగోళం

ఇంద్రకీలాద్రి ఎక్కాలి, డేట్ అడ్డమొస్తోంది, మనూళ్ళో ఇది మామూలే. డేట్ వెనక్కి జరపడానికి వేసుకునే ఆ నోరెథిస్టిరాన్ టాబ్లెట్ చేసేది ప్రొజెస్టిరాన్ పనే, వేసుకున్నన్నాళ్ళూ పొర ఊడదు, ఆపిన రెండు మూడు రోజులకి బ్లీడింగ్. డేట్‌కి 3 రోజుల ముందే మొదలెట్టాలి, డాక్టర్ని అడిగే వేసుకోవాలి, రక్తం గడ్డకట్టే సమస్య ఉన్నవాళ్ళకి, పిల్లల కోసం చూస్తున్న నెలలో వద్దు. ఆ నెల చుక్క పక్కన 'టా' అని రాసి, లెక్కలోంచి తీసేయండి.