కాలనీలో పనిముట్ల లైబ్రరీని నడపడం ఎలా?

గోడకు రెండు ఫొటోలు తగిలించుకోవడానికి డ్రిల్లింగ్ మెషీన్ కొని, ఆ తర్వాత దానిని అటక మీదికి చేర్చిన ఇళ్ళు ప్రతి కాలనీలోనూ కనిపిస్తాయి. ఆ పక్క వీధిలోనే మరొకరు అలాంటి మెషీన్ కోసమే దుకాణంలో బేరమాడుతూ ఉంటారు. ఈ ఇద్దరినీ కలపడానికే పనిముట్ల లైబ్రరీ. అమెరికాలోని బర్క్‌లీ నగరంలో పబ్లిక్ లైబ్రరీయే 1979 నుంచి పుస్తకాలతో పాటు పనిముట్లను కూడా అరువిస్తోంది. మనకూ ఇది పరాయి పద్ధతి కాదు. పెళ్ళిళ్ళకు కావలసిన గుండిగలు, గంగాళాలు, జంబుఖానాలు ఊరుమ్మడిగా ఒకచోట ఉంచి, అవసరమైనవారు పట్టుకుపోయి, తోమి అప్పగించే అలవాటు మన పల్లెల్లో ఉన్నదే. ఇలాంటి లైబ్రరీని మొదలుపెట్టడం సులువు, వస్తువులు పోగుచేయడమూ సులువే. అది రెండో ఏడు కూడా నడవాలంటే మాత్రం వస్తువు తిరిగి వచ్చే వేళ మీరు పాటించే పద్ధతే ముఖ్యం.

దీనికోసం కొత్త సంస్థను రిజిస్టర్ చేయించనవసరం లేదు. కాలనీ సంక్షేమ సంఘం ఇప్పటికే ఉంటే దానికి ఉపసంఘంగా ఉండటమే మేలు. వస్తువులు ఎవరి సొత్తు, డబ్బు ఏ ఖాతాలో ఉంటుంది, వాడేటప్పుడు ఎవరికైనా గాయమైతే బాధ్యత ఎవరిది అన్న మూడు విషయాలను సర్వసభ్య సమావేశంలో తీర్మానించి, మినిట్స్ పుస్తకంలో రాయించండి. గది తాళంచెవిని వాచ్‌మన్‌కు అప్పగిద్దామన్న ఆలోచన చాలామందికి వస్తుంది. అది సరికాదు. విరిగిన వస్తువును తెచ్చి ఇచ్చిన ఫ్లాటు యజమానిని నిలదీయగల స్థితిలో అతను ఉండడు, లెక్కలో తేడా వస్తే మాట పడేది మాత్రం అతనే. పనిముట్లంటే ఇష్టమున్న ఇద్దరు ముగ్గురు వంతులవారీగా ఆదివారం ఉదయం రెండు గంటలు, వారం మధ్యలో ఒక సాయంత్రం గంటసేపు కూర్చుంటే చాలు. సెల్లార్‌లో సంపు పక్కనున్న గది ఖాళీగా ఉందని దానిని తీసుకుంటే వానాకాలం పూర్తయ్యేసరికి ఇనుమంతా తుప్పు పడుతుంది. చిన్నదైనా పొడిగా ఉండే గదిని అడగండి.

వస్తువుల విషయంలో ముందు ఇళ్ళను అడగండి, తర్వాతే కొనండి. నిచ్చెన, హ్యామర్ డ్రిల్, స్పానర్ల సెట్టు, పైపు రెంచి, రంపం, చిత్రిక, లెవెల్ గొట్టం, పొడవాటి ఎక్స్‌టెన్షన్ బోర్డు, పార, గడ్డపార, కొమ్మలు కత్తిరించే కత్తెర ఉంటే కాలనీ అవసరాల్లో చాలావరకు తీరతాయి. స్క్రూడ్రైవర్లు, కటింగ్ ప్లేయర్లు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి కాబట్టి వాటికి పెద్దగా గిరాకీ ఉండదు. ఇచ్చిన ప్రతిదాన్నీ తీసుకోవద్దు. ఇల్లు ఖాళీ చేసేవారు పాడైన మిక్సీ మోటార్ల నుంచి పిడి ఊడిన సుత్తుల వరకు ఉదారంగా ఇచ్చిపోతారు. మొహమాటానికి పోయి వాటిని తీసుకుంటే గది పాత సామాన్ల కొట్టుగా మారుతుంది. అరిగిపోయే వస్తువులను అరువు జాబితాలో చేర్చకండి. డ్రిల్లుకు తగిలించే బిట్లు, హాక్సా బ్లేళ్ళు, గరుకు కాగితాలు వాడుకునేవారే తెచ్చుకోవాలి, లేదా మీరే కొన్న ధరకు అమ్మాలి.

ప్రతి వస్తువుకూ పెయింటుతో అంకె వేసి, అదే అంకెతో రిజిస్టరులో ఒక పేజీ కేటాయించండి. చేతి పనిముట్లను ప్లైవుడ్ పలక మీద మేకులకు వేలాడదీసి, ప్రతిదాని చుట్టూ దాని ఆకారాన్ని గీస్తే, ఏది బయటికి వెళ్ళిందో రిజిస్టరు తెరవకుండానే తెలుస్తుంది.

ఇక తిరిగి తీసుకోవడం గురించి. వస్తువును పుచ్చుకుని, మూలన పెట్టి, తర్వాత చూద్దామనుకుంటే, అది పాడైనట్టు తేలినా తప్పు ఎవరిదో ఎన్నటికీ తేలదు. తెచ్చినవారు ఎదురుగా ఉండగానే పరీక్షించాలి. డ్రిల్లింగ్ మెషీన్‌నే తీసుకుంటే, ముందు వైరు మెషీన్‌లోకి దూరే చోట ఉన్న రబ్బరు తొడుగును వంచి చూడండి. వైర్లు సాధారణంగా తెగేది అక్కడే, ఎందుకంటే చాలామంది మెషీన్‌ను వైరు పట్టుకుని మోస్తారు. మూడు పిన్నుల ప్లగ్గు ఉన్నదైతే పెద్ద పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, ఉన్నదో విరిచేశారో గమనించండి. బిట్టును బిగించే తాళంచెవి లాంటి చక్ కీ వచ్చిందో లేదో చూడండి. అన్నిటికంటే ఎక్కువగా పోయేది అదే, అందుకే దానిని వైరుకు ప్లగ్గు దగ్గర ఒక తాడుతో కట్టి ఉంచడం మంచిది. ఆ తర్వాత బిట్టు లేకుండా అర నిమిషం తిప్పండి. గాలి రంధ్రాల్లో నిప్పురవ్వలు ఎక్కువగా కనిపించినా, మెషీన్ ఆగి ఆగి తిరిగినా, మెకానిక్‌లు కార్బన్లు అని పిలిచే బ్రష్‌లు అరిగాయని అర్థం. వాటిని మార్చడానికి ఖర్చు స్వల్పమే, అది లైబ్రరీయే భరించాలి, ఎందుకంటే అది వాడినవారి తప్పు కాదు. కాలిన వాసన వస్తే సంగతి వేరు. వైండింగ్, అంటే మోటారులోని తీగచుట్ట, దెబ్బతిని ఉండవచ్చు, అప్పుడు మరమ్మతు ఖర్చులో వాడినవారి వాటా ఎంతో ముందే రాసుకున్న నిబంధన ప్రకారం అక్కడే మాట్లాడుకోవాలి. ఈ పరీక్షనే ఇచ్చేటప్పుడు కూడా చేసి చూపితే, తిరిగి తెచ్చినప్పుడు చేయడం ఎవరికీ అవమానంగా తోచదు.

డిపాజిట్ తీసుకోవాలా వద్దా అన్న చర్చ ప్రతి కాలనీలోనూ జరుగుతుంది. ఖరీదైన మెషీన్లకు తీసుకోవడం న్యాయమే, సుత్తికీ పారకూ అడగడం మాత్రం అతి అవుతుంది. గడువు దాటినవారి పేర్లను వాట్సాప్ గ్రూపులో పెట్టడం నాకు నచ్చని పద్ధతి. వస్తువు వెనక్కి రావచ్చు గానీ, ఆ మనిషి మళ్ళీ రాడు. దానికి బదులు, “అన్నయ్యా, మీ తర్వాత ఫలానావారు నిచ్చెన కోసం చూస్తున్నారు” అని ఒక ఫోన్ చేస్తే చాలావరకు ఆ సాయంత్రానికే నిచ్చెన వస్తుంది.

ఇనుము, టైల్స్ కోసే గ్రైండర్ విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు. నాలుగు అంగుళాల గ్రైండర్ నిమిషానికి దాదాపు 11,000 చుట్లు తిరుగుతుంది. డిస్కు మీద ముద్రించిన గరిష్ఠ వేగం మెషీన్ వేగం కంటే తక్కువగా ఉంటే డిస్కు పగిలి ముక్కలు ముఖానికి తగలవచ్చు. అడ్డొస్తోందని డిస్కు మీది రక్షణ రేకును, అంటే గార్డును, తీసేసి పనిచేయడం మన దగ్గర మామూలైపోయింది కాబట్టి, గార్డు లేకుండా తిరిగి తెచ్చినవారికి మరోసారి ఇవ్వకూడదన్న నియమం పెట్టుకోండి. కళ్ళకు రక్షణగా పెట్టుకునే అద్దాలను మెషీన్‌తో పాటే ఇవ్వండి. లుంగీ, చున్నీ, భుజాన తువ్వాలు ఉన్నవారు అవి తీసి పక్కన పెట్టాకే మెషీన్ పట్టుకోవాలని చెప్పండి. నిచ్చెన విషయంలోనూ రెండు మాటలు చెప్పాలి: పన్నెండు అడుగుల ఎత్తున ఆనించినప్పుడు దాని కాళ్ళు గోడకు మూడు అడుగుల దూరంలో ఉండాలి, బాల్కనీలకు దగ్గరగా కరెంటు తీగలు వెళ్ళే వీధుల్లో అల్యూమినియం నిచ్చెనను వాడకూడదు.

కాలనీలో పనిచేసే వడ్రంగులు, ప్లంబర్లు వచ్చి అడిగితే ఏం చేయాలో కూడా ముందే నిర్ణయించుకోవాలి. రోజంతా పనిచేసే చేతుల్లో ఇంటి వాడకం మెషీన్ ఎక్కువ కాలం నిలవదు. పని చేయించుకునే ఇంటివారే తమ పేరున తీసుకుని, తామే అప్పగించడం నా దృష్టిలో సరైన పద్ధతి.

సంక్రాంతికి ముందు ఇళ్ళకు రంగులు వేసే రోజుల్లోనూ, వినాయక చవితి పందిళ్ళప్పుడూ నిచ్చెనకు వరుస కడతారు. ఆ వారాల్లో గడువును ఒక్క రోజుకు తగ్గించండి. దసరాకు ఎలాగూ ఆయుధపూజ చేస్తాం కనుక, ఆ ముందు వారం అరువు ఆపి, అన్నిటినీ వెనక్కి రప్పించి, ఇనుప భాగాలకు నూనె పట్టించి, కొయ్య పిడులను గరుకు కాగితంతో రుద్ది, రిజిస్టరుతో సరిచూడండి. రెండేళ్ళుగా ఎవరూ అడగని వస్తువు కనిపిస్తే, దానిని మొదట ఇచ్చినవారినే అడిగి, వారికి వద్దంటే దానితో పనిపడే వారికి ఇచ్చేసి, ఆ పేజీని కొట్టివేయండి.