కొత్త కన్వర్టర్, కొత్త సెన్సర్లు వేసినా చెక్ ఇంజిన్ లైట్ మళ్లీ వెలుగుతోందా?

పెట్రోల్ కార్ల సంగతి ఇది. క్యాటలిటిక్ కన్వర్టర్ (పొగలోని విషవాయువుల్ని తగ్గించే డబ్బా) మార్చారు, దానికి ముందూ వెనకా పొగలో ఆక్సిజన్‌ని కొలిచే సెన్సర్లు మార్చారు, ఇంజిన్ కంప్యూటర్‌లో పడ్డ లోపం కోడ్ తుడిచారు, నాలుగు రోజులు బండి బాగానే తిరిగింది, ఐదో రోజు లైట్ మళ్లీ వెలిగింది, స్కానర్ పెడితే అదే పీ0420. మెకానిక్‌గా నా దగ్గరికి ఇలాంటి బండి వచ్చిన ప్రతిసారీ మొదటి ప్రశ్న "అన్నా, డూప్లికేట్ పార్టు అంటగట్టారా?" అనే. అయ్యుండొచ్చు. కానీ దానికన్నా ముందు చూడాల్సింది ఇంకోటుంది: పొగ గొట్టంలో లీకు. చూశారా అంటే చూశామనే అంటారు, ఎప్పుడు చూశారంటే బండి వేడి మీద ఉన్నప్పుడు!

ముందు కోడ్ అర్థం చేసుకోండి. పీ0420 వచ్చిందంటే కన్వర్టర్ చచ్చిపోయిందని కాదు, వెనక సెన్సర్ రీడింగ్ కంప్యూటర్‌కి నచ్చలేదని. మామూలు నాలుగు వైర్ల సెన్సర్ అయితే ముందుది 0.1 నుంచి 0.9 ఓల్టుల మధ్య ఊగుతూ ఉంటుంది. వెనకది ఇంజిన్ బాగా వేడెక్కాక, ఒకే వేగంలో నడిపేటప్పుడు, 0.6, 0.7 దగ్గర దాదాపు నిలబడి ఉండాలి. కన్వర్టర్ ఆక్సిజన్‌ని తనలో దాచుకుని అవసరానికి వదులుతుంది కాబట్టి ముందున్న ఊగుడు వెనక్కి చేరదు. వెనకది కూడా ఊగుతుంటే కన్వర్టర్ పని చేయట్లేదని కంప్యూటర్ లెక్కేస్తుంది. వెనక సెన్సర్ దగ్గర సన్నగా బయటి గాలి దూరినా రీడింగ్ ఇలాగే చెడుతుంది, తేడా కంప్యూటర్‌కి తెలియదు. (ముందున్నది ఐదారు వైర్ల వైడ్‌బ్యాండ్ సెన్సర్ అయితే ఈ ఓల్టుల లెక్క దానికి వర్తించదు.)

లీకైతే పొగ బయటికి పోవాలి గానీ గాలి లోపలికెలా వస్తుందని అడుగుతారు. పొగ కుళాయి నీళ్లలా ఏకధారగా రాదు, సిలిండర్ వదిలినప్పుడల్లా ఒక్కో తోపులా వస్తుంది. ఒక తోపు దాటి రెండోది వచ్చేలోపు గొట్టంలో ఒత్తిడి క్షణం పాటు బయటికన్నా తగ్గుతుంది, ఆ క్షణంలో వెంట్రుకంత పగులైనా గాలి పీల్చుకుంటుంది. ఐడిలింగ్‌లో ఇంకా ఎక్కువ. ఆ పగులు ఇంజిన్‌కీ ముందు సెన్సర్‌కీ మధ్య ఉంటే మరీ నష్టం: ఆక్సిజన్ ఎక్కువుంది, మిశ్రమం పలచనైంది అనుకుని కంప్యూటర్ పెట్రోల్ పెంచుతూ పోతుంది. స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యుయల్ ట్రిమ్ (కంప్యూటర్ పెట్రోల్‌ని ఎంత శాతం పెంచిందో, తగ్గించిందో చెప్పే లెక్క) +10 శాతం దాటి కనిపిస్తుంది, మైలేజీ పడిపోతుంది, ప్లగ్గులు నల్లబడతాయి, మిగిలిన పెట్రోల్ ఆ దూరిన గాలితో కలిసి కన్వర్టర్‌లోనే మండి మీరు డబ్బు పోసి కొన్న కొత్తదాన్ని తినేస్తుంది.

నాకిది తెలిసొచ్చిన బండి ఒకటుంది. బయట ఒకసారి కన్వర్టర్ మార్పించుకుని వచ్చిన కస్టమర్. లీకు చూశాను, ఏమీ దొరకలేదు, పార్టు నాసిరకం అయ్యుంటుందని రెండోది నేనే వేయించాను. రెండు వందల కిలోమీటర్లు తిరక్కుండానే లైట్ వచ్చింది. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు, అదే నాకు ఎక్కువ బాధనిపించింది. రాత్రంతా బండి నా దగ్గరే ఉంచుకుని, తెల్లారి ఇంజిన్ చల్లగా ఉండగా మేనిఫోల్డ్ (సిలిండర్ల పొగని ఒకే గొట్టంలోకి కలిపే భాగం) మీది రేకు కవచం విప్పితే, వెల్డింగ్ పక్కన పెన్సిల్ గీతలా నల్లటి మసి. స్టార్ట్ చేస్తే టిక్ టిక్ టిక్. రెండు మూడు నిమిషాలకి ఇనుము వేడెక్కి సాగి పగులు మూసుకుంది, చప్పుడు ఆగిపోయింది. కస్టమర్ ఎప్పుడూ బండి నడుపుకుంటూ వస్తాడు కాబట్టి మన చేతికి వచ్చేసరికి అది మూసుకునే ఉంటుంది. అందుకే రాత్రి బండి వదిలి వెళ్లమనండి, ఒప్పుకోకపోయినా బతిమాలండి.

పొద్దున్నే, ఆరుబయట, ముందు టార్చి వేసి మసి గీతల కోసం వెతకండి: మేనిఫోల్డ్, ఫ్లాంజ్ జాయింట్లు (గొట్టాల అంచుల్ని బోల్టులతో కలిపే చోట్లు), అల్లిక ఉన్న ఫ్లెక్స్ పైపు, సెన్సర్ మరలు. తర్వాత స్టార్ట్ చేసి ఒకరు మందపాటి తడి గుడ్డతో టెయిల్ పైపుని రెండు మూడు సెకన్లు అదిమితే ఇంకొకరు వినాలి. ఇంకా మంచిది, ఇంజిన్ ఆపి వాక్యూమ్ క్లీనర్ బ్లోయర్‌తో టెయిల్ పైపులోకి గాలి కొట్టి జాయింట్ల మీద సబ్బు నీళ్లు చల్లడం, బుడగ వచ్చిన చోటే లీకు.

జాయింట్ దగ్గరైతే మధ్యలో లీకు కాకుండా పెట్టే పాత గ్యాస్కెట్ మళ్లీ వాడకండి, బాగానే కనిపిస్తున్నా సరే. ఫ్లాంజ్ ముఖం గీకి శుభ్రం చేసి, బోల్టులు అటూ ఇటూ మార్చుకుంటూ కొద్దికొద్దిగా బిగించండి. మామూలు సిలికాన్ పేస్టు పూయకండి, దాని ఆవిరి సెన్సర్‌ని చంపుతుంది. పోత ఇనుము మేనిఫోల్డ్‌కి పగులు వస్తే వెల్డింగ్ ఎక్కువ కాలం నిలవదు, మార్చేయడమే.

సెన్సర్ బిగించేటప్పుడు కనెక్టర్ ముందే విప్పి ఉంచండి, లేకపోతే వైరు మెలి పడి లోపల తెగుతుంది. చాలా సెన్సర్లు పోల్చి చూసుకోవడానికి బయటి గాలిని వైరు లోపలి సందుల్లోంచే తీసుకుంటాయి, కాబట్టి టంకం వేయడం, కనెక్టర్‌లో గ్రీజు పెట్టడం వద్దు. వైరు పైపుకి తగలకుండా క్లిప్పులో కూర్చోబెట్టండి.

లీకు లేదని ఖాయమయ్యాకే మిగతావి. చెక్ లైట్ టపటపా కొట్టుకుంటుంటే మిస్‌ఫైర్ (సిలిండర్‌లో పెట్రోల్ సరిగా మండకపోవడం) అని, బండి నడపడం ఆపి ప్లగ్గులు, కాయిళ్లు చూడండి, మండని పెట్రోల్ వెళ్లి కన్వర్టర్‌ లోపలి తేనెపట్టుని కరిగిస్తుంది. ఇంజిన్ ఆయిల్ తాగుతుంటే ఆ సంగతి తేల్చకుండా కొత్త కన్వర్టర్ వేయడం దండగ. చవక కన్వర్టర్లో ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత పలచనగా ఉంటుంది, అదీ కారణమే. కంప్యూటర్ పోయిందని ఎవరైనా అంటే ఇవన్నీ అయ్యేదాకా పట్టించుకోకండి, అది చాలా అరుదు.

లీకు సరిచేశాక కోడ్ తుడిచి వెంటనే బండి అప్పగించకండి. తుడిస్తే లైట్ ఎలాగూ ఆరుతుంది. ఊళ్లోనూ హైవే మీదా కొంత తిప్పి, స్కానర్‌లో క్యాటలిస్ట్ మానిటర్ (కన్వర్టర్ మీద కంప్యూటర్ తనంతట తాను చేసే పరీక్ష) పూర్తయిందని కనిపించాక, మర్నాడు పొద్దున చల్లటి ఇంజిన్ స్టార్ట్ చేసి ఆ టిక్ టిక్ ఉందేమో ఇంకోసారి వినండి.