మూతపడిన కర్మాగారం వేలంలో లేత్ యంత్రం కొనడం ఎలా?

హైదరాబాద్‌లోని బాలానగర్, జీడిమెట్ల ప్రాంతాలలో మూతపడిన కర్మాగారాల యంత్రాలు వేలానికి వచ్చినప్పుడు, అవి సాధారణంగా ‘ఉన్నచోట ఉన్నట్టుగానే’ అనే షరతుపై అమ్ముడవుతాయి కనుక, తరువాత బయటపడిన లోపానికి అమ్మినవారు బాధ్యత వహించరు. అందువల్ల తనిఖీకి కేటాయించిన రోజున డయల్ గేజ్ (సూక్ష్మమైన కదలికను ముల్లుతో చూపే కొలత సాధనం), టార్చిలైటు, నూనె తుడిచే గుడ్డ తీసుకొని స్వయంగా వెళ్ళాలి. ప్రభుత్వరంగ సంస్థల యంత్రాలు తరచుగా కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎం.ఎస్.టి.సి. నిర్వహించే ఆన్‌లైన్ వేలంలో వస్తాయి; అందుకు ముందుగానే నమోదు చేసుకోవాలి.

లోహపు ముక్కను తిప్పుతూ కోసే లేత్‌లో మొదట చూడవలసినది బెడ్, అంటే పనిముట్టు జరిగే పొడవాటి పట్టాల దిమ్మ. పని ఎక్కువగా చక్ (ముక్కను బిగించి పట్టే భాగం) దగ్గరే జరుగుతుంది గనుక అరుగుదల కూడా అక్కడే అధికం; కోత పనిముట్టును మోసే క్యారేజీని చేతితో నడిపినప్పుడు చక్ వైపు వదులుగాను, ఎదురు చివరనున్న టెయిల్‌స్టాక్ వైపు బిగువుగాను కదిలితే, బెడ్‌కు మళ్ళీ గ్రైండింగ్ అవసరమని అనుమానించాలి. ఆ ఖర్చు పాత యంత్రం ధరను మించినా ఆశ్చర్యం లేదు. వేలానికి ముందు కొత్తగా వేసిన రంగు కనిపిస్తే, అది లోపాలను దాచడానికి వేసినది కావచ్చు గనుక, నేను మరింత శ్రద్ధగా చూస్తాను. కరెంటు తీసివేసి ఉంటే చక్‌ను తిప్పే ఇరుసైన స్పిండిల్‌ను చేతితో తిప్పుతూ, దాని లోపలి టేపర్‌కు (వాలుగా సన్నబడే రంధ్రానికి) ఆనించిన గేజ్ ముల్లు ఎంత ఊగుతుందో గమనించాలి. చక్, స్టెడీ రెస్ట్ (పొడవాటి ముక్కకు ఆధారమిచ్చే భాగం), ఛేంజ్ గేర్లు (మరలు కోసేటప్పుడు మార్చే పళ్ళచక్రాలు) లాట్‌లో, అంటే కలిపి వేలం వేసే వస్తువులలో భాగమో కాదో జాబితాతో సరిచూసుకోవాలి.

జీఎస్టీ, క్రేన్, లారీ ఖర్చులు కలిపి తమ గరిష్ఠ పాటను ముందే కాగితంపై రాసుకోవాలి. గడువులోగా యంత్రాన్ని తరలించకపోతే షరతులను బట్టి ధరావతు కూడా జప్తు కావచ్చు.