మోకాళ్ల నొప్పితో బతకడం నేర్చుకుందాం – 3వ పాఠం: ఈ వారం ఒక్క పని

పోయిన పాఠంలో నొప్పికి సున్నా (నొప్పే లేదు) నుంచి పది (భరించలేనంత) దాకా మార్కులు వేయడం చూశాం. ఈ వారం ఆ మార్కులతోనే అసలు పని.

"గుజ్జు అరిగిపోయింది, ఇక కదలకు" అని ఇంట్లోవాళ్లు ప్రేమతోనే అంటారు. కానీ కదలడం మానేస్తే తొడ ముందు కండరం నీరసించి, మోకాలికి ఆసరా తగ్గుతుంది. నొప్పి పెరిగి, మనం ఇంకా కదలం.

అమెరికాలోని స్టాన్‌ఫర్డ్‌లో కేట్ లోరిగ్ బృందం కీళ్ల నొప్పులవాళ్ల కోసం ఒక శిక్షణ తయారుచేసింది. తర్వాత అది ఆన్‌లైన్‌లోకీ వచ్చింది. అందులో నాకు బాగా నచ్చింది వారం ప్రణాళిక. ఏం చేస్తాను, ఎంత, ఎప్పుడు, వారంలో ఎన్ని రోజులు? ఈ నాలుగూ కాగితం మీద రాసుకోవాలి.

"రోజూ నడుస్తాను" అంటే చాలదు. "సోమ, బుధ, శుక్రవారాలు, పొద్దున టీ తాగాక, పది నిమిషాలు నడుస్తాను" అని రాయండి. రోజూ అని రాసుకుంటే చుట్టాలొచ్చిన రోజో, వాన పడిన రోజో తప్పుతుంది, మనసు చివుక్కుమంటుంది. రాశాక, ఇది చేయగలనన్న ధైర్యం పదికి ఎంతో వేసుకోండి. ఏడుకు తగ్గితే పనిని తగ్గించండి. పది నిమిషాలు ఐదవుతాయి, అంతే. చిన్నదని సిగ్గుపడకండి. పెద్దది పెట్టుకుని మధ్యలో వదిలేస్తే "నా వల్ల కాదు" అన్న మాట మనసులో పాతుకుపోతుంది, దాన్ని పీకడం నొప్పి తగ్గించడంకన్నా కష్టం.

నడక కుదరనివాళ్లు కుర్చీ వ్యాయామం రాసుకోండి. చేతులున్న గట్టి కుర్చీని గోడకు ఆనించండి. ఎత్తు చాలకపోతే దుప్పటి మడతపెట్టి వేయండి. అంచుకు జరిగి, పాదాలు కాస్త వెనక్కి లాగి, ముక్కు కాలివేళ్ల మీదికి వచ్చేదాకా ముందుకు వంగి లేవండి. కూర్చునేటప్పుడు దబ్బున కూలబడకుండా, మూడు లెక్కపెడుతూ దిగండి. దిగేటప్పుడు కూడా కండరం పనిచేస్తుంది. మొదట ఐదుసార్లు చాలు. అవసరమైతే కుర్చీ చేతులు పట్టుకోండి.

చేస్తున్నప్పుడు నొప్పి రెండు దాకా ఉంటే నిశ్చింతగా కొనసాగించండి. ఐదు దాకా ఓర్చుకోవచ్చు. ఐదు దాటితే తగ్గించండి. మర్నాటికి నొప్పి మామూలు స్థాయికి రావాలి. రాకపోతే ఈసారి ఐదుకు బదులు మూడుసార్లు చేయండి, పూర్తిగా మానకండి.

మోకాలు ఉన్నట్టుండి వాచి వేడెక్కినా, జ్వరం వచ్చినా, కాలు మోపలేకపోయినా, కీలు బిగుసుకుపోయినా పాఠం పక్కనపెట్టి డాక్టర్ దగ్గరికి వెళ్లండి.

రాసిన కాగితం ఫొటో తీసి వాట్సాప్‌లో ఒక్కరికి పంపండి. ఊళ్లో ఉన్న చెల్లెలైనా, అమెరికాలో ఉన్న కొడుకైనా సరే. ఆదివారం ఫోన్ చేసి ఎన్ని రోజులు కుదిరిందో అడగమనండి. ఎందుకు చేయలేదని నిలదీయవద్దని కూడా ముందే చెప్పండి. వచ్చే పాఠం మెట్లు ఎక్కడం, దిగడం గురించి.