అలాడిన్ దీపంలో మాంటిల్ నల్లబడుతోందా? ముందు వత్తి దించండి

అల్లావుద్దీన్ దీపం పేరు పెట్టుకున్న ఈ కిరసనాయిలు బల్లదీపాల్ని చేసింది 1908లో విక్టర్ జాన్సన్ షికాగోలో మొదలుపెట్టిన మాంటిల్ ల్యాంప్ కంపెనీ. కరెంటు చేరని అమెరికా పల్లెల కోసం చేసినవి ఇవి. పెట్రోమాక్స్ లైటులాగా పంపు కొట్టే పని లేదు, బుసకొట్టదు. గుండ్రటి వత్తి, దాని లోపలి నుంచీ బయటి నుంచీ పైకి లేచే గాలి, మంట మీద మాంటిల్ (వేడికి తెల్లగా వెలిగే వల), గాలిని లాగే పొడుగాటి చిమ్నీ, అంతే. అన్నీ కుదిరితే 60 వాట్ల బల్బంత తెల్లటి వెలుగు. కుదరనప్పుడు జనం ముందుగా మాంటిల్‌ని తిడతారు. తప్పు దాదాపు ఎప్పుడూ గాలిది, వత్తిది.

మాంటిల్ మీద నల్ల మచ్చలు

ఎక్కువమందిని భయపెట్టేది ఇదే. దీపం వెలిగించగానే వెలుగు చాల్లేదనిపిస్తుంది, వత్తి పెంచుతాం. బర్నర్ అప్పటికి చల్లగా ఉంటుంది. అది వేడెక్కేకొద్దీ కిరసనాయిలు ఎక్కువగా ఆవిరై, మనం ముట్టుకోకపోయినా మంట దానంతటదే పెరుగుతుంది. గాలి చాలక మసి మాంటిల్‌కి పడుతుంది. ఆ మసి దారి మూసేయడంతో గాలి ఇంకా తగ్గి, మసి ఇంకా పెరుగుతుంది. చూస్తుండగానే చిమ్నీ పైనుంచి మంట లేస్తుంది.

మచ్చ కనబడగానే వత్తి బాగా దించండి, ఆర్పకండి. చిన్న మంట మీద కొన్ని నిమిషాల్లో మసి దానంతటదే కాలిపోయి మాంటిల్ మళ్ళీ తెల్లబడుతుంది. వేలితో తుడవొద్దు. ఒకసారి కాలిన మాంటిల్ బూడిదలా ఉంటుంది, తాకితే రాలిపోతుంది. మంట చిమ్నీ దాటిందంటే మాత్రం వత్తి పూర్తిగా దించి ఆర్పేయండి. నీళ్ళు పోయొద్దు, దీపాన్ని చేత్తో ఎత్తుకుని బయటికి పరుగెత్తొద్దు.

ఇకమీదట సన్నగా వెలిగించి, 10–15 నిమిషాలు ఆగి, కొంచెం కొంచెంగా పెంచండి. అంతసేపూ అదే గదిలో ఉండండి. నేనొకసారి వత్తి పెంచి వంటింట్లోకి వెళ్ళొచ్చేసరికి మాంటిల్ బొగ్గులా ఉంది. ఆ రోజు నుంచి వెలుగుతున్న దీపాన్ని వదిలి గది దాటలేదు.

ఒక పక్కే మసి, మంట ఒక వైపే ఎత్తు

ముందు ఫ్యాను కట్టేసి చూడండి. మన ఇళ్ళలో సగం సందర్భాల్లో అక్కడే తేలిపోతుంది. అయినా పోకపోతే వత్తి అంచు ఎగుడుదిగుడుగా ఉన్నట్టు. కత్తెర పెట్టొద్దు, గుండ్రటి వత్తిని కత్తెరతో సమంగా కత్తిరించడం కుదరదు. దీని కోసమే చేసిన వత్తి క్లీనర్‌ని పైన పెట్టి మెల్లగా తిప్పితే మాడిన పెచ్చు మాత్రమే ఊడొస్తుంది. వత్తి నడుమ ఉండే చిల్లుల టోపీ వంకరగా కూర్చుందేమో కూడా చూడండి.

వెలుగు ఎర్రగా, మందంగా

నిలవున్న కిరసనాయిలు, పెచ్చుకట్టిన వత్తి, బర్నర్ కింది చిల్లుల్లో దుమ్మూ పురుగులూ. నూనె మార్చండి, మిగతా రెండూ శుభ్రం చేయండి. అసలు చిమ్నీ పగిలిపోయి పొట్టిది పెట్టి అమ్మిన దీపాలూ ఉంటాయి. సుమారు 12 అంగుళాల ఎత్తు లేకపోతే గాలి లాగదు. పెట్రోలు మాత్రం ఒక్క చుక్క కూడా కలపకూడదు.

మాంటిల్‌కి చిల్లు

వెంటనే మార్చండి. చిల్లులోంచి దూసుకొచ్చే మంట చిమ్నీకి తగిలి గాజు పగులుతుంది. కొత్తదాన్ని బిగించాక, చిమ్నీ పెట్టకముందే అగ్గిపుల్లతో దాని పైపూతని కాల్చేయాలి. పాత మాంటిళ్ళలో థోరియం ఉంటుంది. మాంటిల్‌ని కనిపెట్టిన ఆస్ట్రియా శాస్త్రవేత్త వెల్స్‌బాక్ కాలం నుంచి వచ్చిన పద్ధతి అది. రేడియోధార్మిక పదార్థం కాబట్టి రాలిన మాంటిల్ పొడిని ఊదొద్దు, తడిగుడ్డతో తీసి పారేయండి. కొనేముందు వత్తి తిప్పే చక్రం మీద అచ్చైన మోడల్ పేరు రాసుకోండి. అన్ని మోడళ్ళకీ ఒకే మాంటిల్ సరిపోదు.

ఆర్పాక వాసన

వత్తి పైకే వదిలేస్తే నూనె పాకి బయటికొస్తుంది. దించి ఉంచండి, బుడ్డి అంచుదాకా నింపొద్దు. గాజుబుడ్డికీ ఇత్తడి మెడకీ మధ్య కారుతుంటే బాగుచేయించేదాకా వెలిగించకండి.

కరెంటు రకం

ఈ కంపెనీ కరెంటు బల్లదీపాలూ చేసింది. వాటికీ వాడిన దంతపు రంగు గాజుని అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని అలెగ్జాండ్రియా ఫ్యాక్టరీలో చేసి అలసైట్ అని పేరు పెట్టింది. తొలినాళ్ళ అలసైట్‌లో యురేనియం ఉండేది, అతినీలలోహిత కాంతిలో పచ్చగా మెరుస్తుంది. నకిలీని పసిగట్టడానికి అదొక గుర్తు. అక్కడి 120 వోల్టుల దీపాన్ని ఇక్కడి 230లో పెట్టేముందు ఎలక్ట్రీషియన్‌తో పాత వైరు, హోల్డరు, ప్లగ్గు మార్పించండి. ఇత్తడి భాగాలుంటే ఎర్త్ వైరు తప్పనిసరి. పాత బల్బుని మాత్రం పెట్టకండి, వెంటనే మాడిపోతుంది.