తుపాన్లు మొదలవకముందే ఆఫీసు ఐపీ ఫోన్లు చూసుకోండి

విశాఖలో ఉన్నవాళ్లకి అక్టోబరు అనగానే హుద్‌హుద్ గుర్తొస్తుంది. 2014 అక్టోబరు 12న అది కొట్టిన దెబ్బకి రోజుల తరబడి కరెంటూ లేదు, సిగ్నలూ లేదు. అంత పెద్దది మళ్లీ రాకపోయినా, గట్టి గాలివాన చాలు, ఎక్కడో చెట్టు కూలి ఫైబర్ కేబుల్ తెగడానికి. కస్టమర్లు ఎక్కువగా ఫోన్ చేసేదీ ఆరోజే.

ఐపీ ఫోన్లు నడిచేది ఇంటర్నెట్ మీదే కాబట్టి, ఫైబర్ పోతే ఫోన్లతో సహా ఆఫీసంతా 4జీ రౌటర్ మీద పడుతుంది. దాని స్పీడెంతో ఈ వారమే, రద్దీగా ఉండే సాయంత్రం పూట కొలవండి. డౌన్‌లోడ్ చూసి సంతోషపడొద్దు, మన గొంతు అవతలికి వెళ్లేది అప్‌లోడ్‌లో. గొంతుని డేటాగా మార్చే పద్ధతిని కోడెక్ అంటారు. జీ.711 కోడెక్‌కి 64 కేబీపీఎస్ అంటారు గానీ, ప్యాకెట్ల (డేటా ముక్కల) మీద చిరునామాల్లా ఉండే హెడర్లు కలిపితే ఒక్కో కాల్ 87 దాకా తింటుంది. అప్‌లోడ్ 1 ఎంబీపీఎస్ వచ్చిందనుకోండి. జాగ్రత్తకి పావు వంతు పక్కన పెడితే మిగిలేది ఎనిమిది కాల్స్‌కే. గొంతుని ఇంకా కుదించే జీ.729 కోడెక్‌కి మారితే కాల్‌కి 31 చాలు, అదే లైనులో ఇరవై నాలుగు పడతాయి. గొంతు కాస్త పలచబడుతుంది, హోల్డ్‌లో వచ్చే పాట వినలేం. తుపాను రోజు పాట ఎవరిక్కావాలి?

తేలిన కాల్స్ సంఖ్యని పీబీఎక్స్‌లో (ఆఫీసు కాల్స్‌ని కలిపే సొంత ఎక్స్ఛేంజీలో) పరిమితిగా పెట్టేయండి. చాలామంది మొహమాటపడేది ఇక్కడే. కస్టమర్‌కి ఎంగేజ్ టోన్ ఇస్తామా అని. లైను నిండాక ఇంకొక్క కాల్‌ని రానిస్తే చెడేది అదొక్కటే కాదు, అప్పటిదాకా బాగున్నవన్నీ ముక్కలవుతాయి. ఎంగేజ్ విన్నవాళ్లు ఐదు నిమిషాలాగి మళ్లీ చేస్తారు. ‘హలో హలో’ అని అరిచి అలిసిపోయినవాళ్లు తిట్టుకుంటారు.

మా ఆఫీసులో ఒకసారి కాల్స్ తక్కువగా ఉన్నా మాట తెగేది. రెండు రోజులు తల పట్టుకున్నాక తెలిసింది, సీసీ కెమెరాలు వీడియోని క్లౌడ్‌కి పంపుతున్నాయి! 4జీ మీద ఉన్నప్పుడు అలాంటివన్నీ ఆపేయండి. రౌటర్‌లో వాయిస్‌కి ప్రయారిటీ ఇవ్వండి, కానీ అది మన గేటు వరకే. బయట ఇంటర్నెట్‌లో దాన్ని పట్టించుకుంటారన్న గ్యారంటీ లేదు. ఒకవైపు ఆలస్యం 150 మిల్లీసెకన్లు, జిట్టర్ (ఆ ఆలస్యంలో హెచ్చుతగ్గులు) 30, ప్యాకెట్ లాస్ (దారిలో పోయే డేటా ముక్కలు) 1 శాతం దాటకపోతే మాట బాగానే ఉంటుంది.

పాత ల్యాండ్‌లైనుకి ఎక్స్ఛేంజీ నుంచే కరెంటు వచ్చేది. ఐపీ ఫోన్‌కి ఆ సుఖం లేదు. కంప్యూటర్లన్నీ యూపీఎస్ మీద పెట్టి, బీరువా వెనకున్న నెట్‌వర్క్ స్విచ్‌నీ ఫైబర్ బాక్సునీ మర్చిపోతుంటారు.

కాల్స్‌ని మొబైల్‌కి మళ్లించే ఏర్పాటు ఆఫీసు పీబీఎక్స్‌లో కాక సర్వీసు ఇచ్చేవాళ్ల దగ్గరే పెట్టించండి, పీబీఎక్సే ఆరిపోతే మళ్లించేదెవరు? అది పనిచేస్తుందో లేదో చూడాలంటే ఒక శనివారం సాయంత్రం కరెంటు మెయిన్ ఆపేసి బయటినుంచి ఫోన్ చేసి చూడండి. ముందు మేనేజరుగారి చెవిన ఒక మాట వేసి మరీ.